ఎరువు గోతి నుంచి పిల్లల పళ్ళెందాకా: వేరుశనగ చెక్క నడచిన దారి



గోదావరి జిల్లాల్లో బాలింతకు తెలగపిండి కూర వండి పెట్టడం మీరెరిగినదే. నువ్వులు గానుగాడించగా మిగిలిన చెక్కే తెలగపిండి. అందులో మునగాకు కలిపి వండితే ఆషాఢ మాసంలో ఇంటిల్లిపాదీ ఇష్టంగా తింటారు. పాలు పడతాయని పెద్దవాళ్ళు బాలింతకు ప్రత్యేకంగా పెడతారు. మరి అదే గానుగలో వేరుశనగ ఆడించగా మిగిలిన చెక్కను ఎవరికి పెడుతున్నాము? గేదెకు పెడుతున్నాము. మన తాతల కాలంలో అయితే చెరకు మొదళ్ళలో ఎరువుగా వేసేవారు. నువ్వుల చెక్క మనిషికి తిండి అయింది గాని వేరుశనగ చెక్క ఎందుకు కాలేకపోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఒకటి బయటపడుతుంది. ఆ చరిత్రలో మీ కల్లానికి పెద్ద పాత్ర వున్నది. అందుకే దానిని మీకు చెప్పదలచాను.

వేరుశనగ మన దేశపు పంట కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు ఓడలు మొదలైనవి దానిని ఆఫ్రికాకు, ఆసియాకు చేర్చినవి. ఇక్కడికి వచ్చాక అది మన మట్టిలో ఎంతగా కలిసిపోయిందంటే, ఒక్కొక్క సీమవారు దానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు. అనంతపురంవారికి అవి బుడ్డలు. చిత్తూరువారికి చెనక్కాయలు. తెలంగాణావారికి పల్లీలు. పేరేదైనా పంట ఒక్కటే.

దక్షిణదేశంలో ఈ పంట పెద్ద ఎత్తున పెరగడానికి మొదటి కారణం తిండి కాదు, సబ్బు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు మార్సేల్స్ పట్టణంలో సబ్బుల తయారీకి నూనె కావలసివచ్చింది. ఆ నూనె కోసం పుదుచ్చేరి రేవు నుంచి వేరుశనగ ఓడలకెక్కింది. తరువాత మన దేశంలోనే నూనె మరలు వచ్చినవి. వంటనూనెగా వేరుశనగ నూనె ఇంటింటా పాకింది. రాయలసీమ ఎర్రనేలల్లో కొర్ర, జొన్న పండిన చేలు క్రమంగా వేరుశనగ చేలయినవి. ఇరవయ్యవ శతాబ్దం చివరినాటికి దేశంలో వేరుశనగ అనగానే అనంతపురం జిల్లా పేరు చెప్పుకొనేంతగా ఆ సాగు విస్తరించింది.

ఈ కాలమంతటా వ్యాపారి కన్ను నూనె మీదనే వున్నది. చెక్క అనేది మిగులు సరుకు, అంతే. రాళ్ళూ మట్టీ ఏరకుండా, పొట్టు తీయకుండా, పుచ్చు గింజా మంచి గింజా చూడకుండా మరలో పోసేవారు. అటువంటి చెక్క మనిషి నోటికి ఎలా పనికివస్తుంది? చెరకు, పసుపు, కూరగాయల తోటలకు ఎరువుగా పోయేది. కొంత పశువులకు పోయేది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. వేరుశనగ చెక్కలో నూటికి సుమారు 7 పాళ్ళు నత్రజని వున్నదని ఎరువుల లెక్కలో చెప్పుకునేవారము. ఆ నత్రజని ఎక్కడిది? గింజలోని మాంసకృత్తులది. శాస్త్రజ్ఞులు నత్రజనిని ఆరుంబావు చేత హెచ్చించి మాంసకృత్తుల లెక్క కడతారు. ఆ ప్రకారం 7 పాళ్ళ నత్రజని అంటే సుమారు 44 పాళ్ళ మాంసకృత్తులు. వంద కిలోల గింజలో 45 నుంచి 50 కిలోల నూనె, 25 కిలోల దాకా మాంసకృత్తులు వుంటాయి. నూనె పిండగానే ఆ మాంసకృత్తులన్నీ చెక్కలో చేరి దట్టమవుతాయి. అనగా ఎరువుగా మనం భూమిలో పూడ్చినది పప్పుకంటె రెండింతల బలమైన ఆహారమన్న మాట!

ఈ సంగతి కొందరు పెద్దలు ముందే గ్రహించారు. అమెరికాలో నల్లజాతి రైతుల మేలు కోరి పనిచేసిన జార్జి వాషింగ్టన్ కార్వర్ 1916లో ఒక చిన్న పుస్తకం వేశారు. వేరుశనగ పండించే విధానమూ, మనుషుల తిండికి దానిని తయారుచేసే 105 రకాలూ అందులో వివరించారు. మన గాంధీజీ 1918లో ఖేడా ప్రాంతంలో తిరిగే రోజుల్లో వేరుశనగ ముద్ద, నిమ్మకాయలే తన ముఖ్యాహారమని ఆత్మకథలో రాసుకున్నారు. అది మితిమీరి తిని జబ్బుపడిన సంగతి కూడ దాచుకోలేదు. ఎంత మంచి ఆహారమైనా పాళ్ళు తెలిసి తినవలెనన్న పాఠం అందులో వున్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో దేశంలో తిండి కొరత తీవ్రంగా వుండేది. పాలు, పప్పు చాలక ఎందరో పసిపిల్లలు కాళ్ళు వాచి, పొట్టలు పెరిగి, నీరసించి పోయేవారు. 1950లో మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ ఏర్పడింది. డాక్టరు వి. సుబ్రహ్మణ్యన్ దాని మొదటి డైరెక్టరు. అక్కడి శాస్త్రజ్ఞులు వేరుశనగ చెక్క వైపు చూశారు. అమెరికాలో 1940లలో సోయా పిండితో బహుళార్థ ఆహారం ఒకటి తయారయింది. దాని మాదిరిగానే మన దేశపు సరుకుతో ఒకటి చేయవచ్చునని వారికి తోచింది. 75 పాళ్ళు వేరుశనగ పిండి, 25 పాళ్ళు శనగపిండి కలిపి, సున్నపు లవణాలు, విటమినులు చేర్చి భారతీయ బహుళార్థ ఆహారం తయారుచేశారు. అందులో నూటికి 40 పాళ్ళకు పైగా మాంసకృత్తులు వుండేవి.

శనగపిండి ఎందుకు కలిపారని మీరడగవచ్చు. మాంసకృత్తులన్నీ ఒకటి కావు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు ఎన్ని వున్నా ద్వారబంధాలు తక్కువైతే పని ఆగిపోతుంది గదా! వేరుశనగలో లైసిన్ అనే అంశం తక్కువ. శనగలో అది బాగా వున్నది. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. మన ఇళ్ళలో అన్నంలో పప్పు కలిపి తినడంలో వున్న కిటుకు కూడ ఇదే.

అయితే మనిషికి పనికివచ్చే పిండి కావలెనంటే మరలోని పద్ధతి అంతా మారవలసివచ్చింది. మంచి గింజలు చేతితో ఏరవలెను. ముడుత గింజ, రంగు మారిన గింజ, బూజు గింజ తీసివేయవలెను. లేతగా వేయించి, ఎర్రపొట్టు, మొలక తీసివేయవలెను. శుభ్రమైన ఎక్స్‌పెల్లరులో పిండవలెను. ఆ చెక్కను పొడిచేసి జల్లించవలెను. భారత ప్రమాణాల సంస్థ ఇటువంటి తినే పిండికి ప్రమాణాలు కూడ నిర్ణయించింది. ఆ విధంగా ఎరువు చెక్క వేరు, ఆహారపు పిండి వేరు అని మొదటిసారిగా తేలింది.

ఇదే కాలంలో మన సీమకు మరొక సంస్థ వచ్చింది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు పరిశోధన కోసం మొదలైన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలింది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థ అయినది. అక్కడివారు తయారుచేసిన ‘హైదరాబాదు మిశ్రమం’ ఇప్పటికీ పల్లెలకు పనికివచ్చేదే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. ఇంతే లెక్క! అన్నీ ఇంట్లో దొరికేవే, ఏ మరా అవసరం లేదు.

1960లలో గోధుమపిండిలో వేరుశనగ పిండి కలిపిన ‘బాల ఆహార్’ దేశంలో పిల్లలకు పంచారు. తరువాత మైసూరు సంస్థవారే వేరుశనగ మాంసకృత్తులను విడదీసి పాలలో కలిపి ‘మిల్టోన్’ అనే పానీయం తెచ్చారు. వేరుశనగ చెక్కకు మంచిరోజులు వచ్చినవని అందరూ అనుకున్నారు.

సరిగ్గా ఆ దశకంలోనే ఒక పిడుగు పడింది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయినవి. ఏ తెగులో ఎవరికీ తెలియలేదు. పేరు తెలియక ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అన్నారు. వెతకగా వెతకగా తేలినదేమంటే, చచ్చిన కోళ్ళన్నీ బ్రెజిలు దేశం నుంచి వచ్చిన వేరుశనగ చెక్క తిన్నవే. చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి విషం వదలింది. ఆ బూజు పేరులోని అక్షరాలతోనే ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మన దగ్గర కూడ, ఆంధ్ర ప్రదేశ్‌లో ముర్రా గేదెలకు వేరుశనగ చెక్క వలన విషం సోకిన సంగతిని పశువైద్యులు 1965లో ప్రకటించారు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాతులోని పంచమహల్ జిల్లాల్లో కోతవేళ వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గిరిజనులకు కామెర్లు వచ్చి, పొట్టలు ఉబ్బినవి. 397 మంది జబ్బుపడగా 106 మంది చనిపోయారు. అది అఫ్లాటాక్సిన్ పని అని హైదరాబాదు పోషకాహార సంస్థవారే తేల్చారు. పంట వేరైనా బూజు అదే, తడి అదే, అశ్రద్ధ అదే.

‘అయ్యా, గింజ వేయిస్తే, ఉడకబెడితే ఆ విషం చావదా?’ అంటారేమో. బూజు చస్తుంది గాని విషం చావదు. మామూలు వంట వేడికి అది లొంగదు. ‘నూనెలో పోతుంది గదా?’ అంటారేమో. నూనెలోకి పోయేది కొద్దిభాగమే. చాలా భాగం చెక్కలోనే నిలిచిపోతుంది. ఆ చెక్క గేదె తింటే విషంలో కొంత రూపు మార్చుకొని పాలలోకి దిగుతుంది. ఆ పాలు మన పిల్లలే తాగుతారు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తింటే కాలేయానికి కాన్సరు తెస్తుందని 1987లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ దీనిని మొదటి తరగతి విషాల్లో చేర్చింది.

దీనితో వేరుశనగ పిండి కథ మందగించింది. 1960లలో ఐక్యరాజ్య సమితి నిపుణులు పిల్లల మాంసకృత్తుల ఆహారంలో ఈ విషం నూరు కోట్ల పాళ్ళకు 30 పాళ్ళు మించరాదని హద్దు పెట్టారు. కాలం గడచిన కొద్దీ హద్దులు బిగిసినవి. ఐరోపా దేశాల సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో నూరు కోట్ల పాళ్ళకు 4 పాళ్ళే వుండవలెనన్నది.

4 పాళ్ళంటే ఎంతో చెబుతాను. బాగా బూజెక్కిన ఒక్క గింజలో, గ్రాముకు ఒక మిల్లీగ్రాము దాకా ఈ విషం కనబడిన సందర్భాలున్నాయి. గింజ బరువు 0.4 గ్రాము అనుకుందాం. అప్పుడు దానిలో 0.4 మిల్లీగ్రాము విషం వున్నట్టు. పిండిలో కలిస్తే ఆ ఒక్క గింజ ఒక క్వింటాలు సరుకును ఐరోపావారి హద్దుదాకా తెస్తుంది. రెండో గింజ పడితే సరుకు తిరిగివస్తుంది. కాబట్టి ఒకటి రెండు గింజలకు ఏమవుతుందిలే అని ఎవరూ అనుకోరాదు.

ఇంత జరిగినా వేరుశనగ మళ్ళీ తలెత్తింది. 1996లో ఫ్రాన్సులో ఆంద్రే బ్రియాండ్ అనే పిల్లల వైద్యుడు, నుట్రిసెట్ కంపెనీవారు కలిసి వేరుశనగ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు కలిపి ‘ప్లంపీ నట్’ తయారుచేశారు. 92 గ్రాముల పొట్లం ఒక్కటి 500 కేలరీల శక్తినిస్తుంది. నీళ్ళు కలపనక్కరలేదు, వండనక్కరలేదు. పిల్లవాడు చేతితోనే నాకి తింటాడు. కరవు దేశాల్లో చావు అంచున వున్న బిడ్డలను అది లేవదీసింది. 2007లో ఐక్యరాజ్య సమితి సంస్థలు అటువంటి ఆహారంతో ఇంటి దగ్గరనే చికిత్స చేయవచ్చునని ప్రకటించినవి. ఇక్కడ ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో వేరుశనగ చిక్కీ చేరింది. మన పాత పల్లీపట్టీకి ప్రభుత్వ పంక్తిలో పీట దొరికిందన్న మాట!

ఇప్పుడు అంగళ్ళలో కొత్త బేరం కూడ మొదలయింది. పట్టణాలవారు మొక్కల నుంచి తీసిన మాంసకృత్తుల పొడులు, వేరుశనగ వెన్న, బలమిచ్చే బిళ్ళలు కొంటున్నారు. వాటిని తయారుచేసేవారికి సోయా, బటాణీ, బియ్యం, పెసర, వేరుశనగ ఇవన్నీ ముడిసరుకే. అనగా మన పంటకు గిరాకీ వున్నట్టే పోటీ కూడ వున్నది. వేరుశనగ రుచిలో ఎవరికీ తీసిపోదు. అది ఓడిపోతే ఒక్క బూజు దగ్గరే ఓడిపోతుంది. కొనేవాడు మొదట అడిగేది ధర కాదు, పరీక్ష కాగితం.

కాబట్టి సోదరులారా, ఈ చరిత్ర మీ పొలంలో, మీ కల్లంలో ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి.

బూజు గింజలోకి దిగేది మూడు చోట్ల. మొదటిది చేలోనే. పంట చివరి నెలలో బెట్ట తగిలి నేల కాగితే కాయ బలహీనమవుతుంది. చెదలు, వేరుపురుగు కొరికిన కాయలోకి బూజు సులువుగా పోతుంది. వీలుంటే ఆ రోజుల్లో ఒక్క తడి ఇవ్వండి. పూత, ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ డొల్ల గట్టిపడుతుంది. కాయ ముదరగానే పీకండి. ఆలస్యం చేస్తే నేలలోనే బూజు అందుకుంటుంది.

రెండవది ఆరబెట్టే చోట. మొక్క పీకి, కాయలు పైకి వుండేటట్టు తలకిందులుగా వరుసల్లో వేయండి. నేలకు తగిలిన కాయ ఆరదు. తడికాయను కుప్ప వేయకండి. మబ్బు పడితే కప్పండి, ఎండ రాగానే విప్పండి. తేమ నూటికి 8 పాళ్ళు మించరాదు. దాన్ని కొలిచే పరికరం లేకపోతే కాయ చెవి దగ్గర ఆడించి చూడండి. గలగలలాడవలెను. గింజ వేళ్ళ మధ్య నలిపితే ఎర్రపొర ఊడిరావలెను. ఈ పరీక్ష మన అక్కచెల్లెళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆరబెట్టేదీ, ఏరేదీ ఎక్కువగా వారే గనుక వారి మాట వినండి.

మూడవది ఒలిచే చోట. గింజ చిట్లకుండా వుండాలనో, తూకం పెరగాలనో కాయలమీద నీళ్ళు చల్లే అలవాటు చాలా చోట్ల వున్నది. రెండు వారాలు కష్టపడి ఎండబెట్టిన కాయకు ఒక్క చెంబు నీళ్ళతో బూజును పిలిచినట్టే. ఈ అలవాటు మానవలెను. బస్తాలు చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చవలెను. ముడుత గింజలు, నల్లబడిన గింజలు ఏరి పక్కన పెట్టవలెను. అవి గేదెకు కూడ వేయరాదు.

ఇకపోతే మీ మనసులోని మాట నేనే చెబుతాను. ‘బాగా ఆరబెట్టిన నాకూ, నీళ్ళు చల్లిన వాడికీ వ్యాపారి ఒకే ధర ఇస్తాడు. ఎండిన సరుకు తూకం తగ్గుతుంది కూడాను. మరి నాకేం లాభం?’ ఈ బాధ నిజమైనదే. అందరి సరుకూ ఒకే కుప్పలో కలిసినంతకాలం మంచి రైతుకు మంచి ధర రాదు. ఒక్కడి బస్తాకు పరీక్ష చేయించడం గిట్టుబాటు కాదు. పదిమంది కలిసి, ఒకే పద్ధతిలో ఆరబెట్టి, కుప్పంతటికీ కలిపి పరీక్ష చేయించి, ఆ కాగితంతో బేరం చేస్తే మాట వేరు. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్‌వారు ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్ష తయారుచేశారు. గ్రామాల్లో పనిచేసే విస్తరణ కార్యకర్తలకు నా మనవి ఇది: సీడు, ఎరువు గురించి చెప్పినంత శ్రద్ధగా కల్లం గురించి కూడ చెప్పండి. పంట చేతికి వచ్చాక మీ పని అయిపోయిందని అనుకోవద్దు. రైతు సంఘాల నమూనాలు పరీక్షకు పంపించే బాధ్యత మీరు తీసుకోండి.

చూశారు గదా! ఒక చెక్క సబ్బు కోసం పుట్టి, ఎరువు గోతిలో పడి, ప్రయోగశాలకెక్కి, కోళ్ళను చంపి చెడ్డపేరు తెచ్చుకొని, మళ్ళీ ఆకలిగొన్న బిడ్డల నోటికి చేరింది. ప్రతి మలుపులోనూ దాని గుణం మారలేదు. దానిని మనం చూసుకున్న తీరు మారింది. శుభ్రంగా వుంచితే పాలతో సమానమయింది. తడిలో వదిలితే విషమయింది.

ఈసారి కాయలు కల్లంలో పోసినప్పుడు, ఆ కుప్పను నూనె మరకు పోయే సరుకుగా మాత్రమే చూడకండి. ఎక్కడో ఒక బిడ్డ పళ్ళెంలోకి, బహుశః మీ బిడ్డ పళ్ళెంలోకే, పోయే అన్నంగా చూడండి. నాలుగు పిడికిళ్ళు తీసి చెవి దగ్గర ఆడించండి. గలగలమంటే సంచికెత్తండి. అనకపోతే మరొక ఎండ పెట్టండి.